గురువారం గ్రీకు పాఠం

దోల్నీ ఓరెష్ గ్రామం,
నవంబరు

స్టారిబ్రోడ్ యూనివర్సిటీ ప్రాచీన భాషల శాఖ అధ్యక్షులు లుబెన్ ద్రాగ్నెవ్ గారికి,

నేను, గెనాను, చెబుతుంటే ఈ ఉత్తరం పక్కింటి నెవెనా రాస్తోంది. నాకు చదువు రాదని మీకు తెలుసు. ఫోన్లో తిడితే గాలికి పోతుంది. కాగితం మీద తిడితే మీ బల్ల మీద పడి ఉంటుంది. అందుకే రాయిస్తున్నాను. మధ్యలో మర్యాద మాటలు కలుపుతానని నెవెనా అంటే వద్దన్నాను.

నా కూతురి చావుకబురు కాగితాన్ని మీ తలుపు మీంచి ఎవరు పీకారు?

అది పోయిన నలభయ్యో రోజు దాని పేరిట ఉడికించిన గోధుమలు పంచిన మర్నాడు నెవెనా మొగుడు రాంగెల్‌కు జిగురు డబ్బా ఇచ్చి పంపాను. మా గేటుకు అంటించాడు, బస్టాండు స్తంభానికి అంటించాడు, చర్చి గోడకు అంటించాడు. ఎవరూ ముట్టుకోలేదు. చివరికి పట్నం వచ్చి మీ శాఖ తలుపుకు అంటించాడు. మెట్లు దిగాక గొడుగు మరిచానని మళ్లీ పైకెక్కితే కాగితం లేదట. జిగురు తడి మాత్రం ఉందట. పక్కనే పేరు పలక మాత్రం మెరుస్తూ ఉందట: ప్రొఫెసర్ స్తనిమిరా కునెవా, ప్రాచీన గ్రీకు, గురువారం మధ్యాహ్నం, పదకొండో గది.

చచ్చిపోయిన మనిషికి గురువారం ఏమిటండీ?

ఆ కాగితాలు ఊళ్లోవాళ్ల కోసం అనుకుంటున్నారా? ఊళ్లోవాళ్లకు ఎప్పుడో తెలుసు. అవి పోయినవాళ్ల కోసం. వాళ్లు బతికుండగా తిరిగిన తలుపులన్నిటి దగ్గరా ఒకసారి ఆగుతారు. అక్కడ తమ బొమ్మ చూసుకుని, ఓహో అయిపోయిందన్నమాట అనుకుని దారి పడతారు. మా మిరా ఎలా పోయిందో మీకు తెలుసు. మీ దగ్గరికి పాఠం చెప్పడానికి వస్తూ, బస్సులో కిటికీ పక్కన కూర్చుని పోయింది. ఆఖరి స్టాపులో డ్రైవరు “అమ్మా, దిగాలి” అన్నాడట. అది దిగే ఉంటుంది. పాఠానికి ఆలస్యమైందని పరుగెత్తే ఉంటుంది. ఆ పలక మీద తన పేరూ తన గురువారమూ చూసుకుని లోపలికి పోయి ఉంటుంది.

ఇంకో కాగితం పంపుతున్నాను. మీ చేత్తో అంటించండి. ఆ పలక ఊడదీయండి. మా పెరట్లో కాల్చిన మిరపకాయలు ఇక చాలన్నా వినకుండా తిన్న చేతులే కదా అవి.

గెనా కునెవా


స్టారిబ్రోడ్,
నవంబరు చివర

గెనా పెద్దమ్మకు నమస్కారాలతో,

మీ కోపం న్యాయమైనదే. కాగితం తీసింది నేనే. చింపలేదు, జాగ్రత్తగా ఊడదీశాను. నా సొరుగులో ఉంది.

మార్చి నెలలో రాజధాని నుంచి తనిఖీ సంఘం వస్తోంది. ఒక శాఖ నడవాలంటే పెద్ద హోదా ఉన్న అధ్యాపకులు ముగ్గురైనా ఉండాలని నియమం. ప్రాచీన తర్కశాస్త్రం నేను చెబుతాను. లాటిన్ హరలంపి గారు చెబుతారు. ఆయనకు చెవుడు, పాఠం మధ్యలో నిద్రపోతారు, అయినా హోదా ఉంది. గ్రీకు మిరాది. ఆమె పేరు తీసేస్తే మేము ఇద్దరమే. శాఖ మూసేసి ఈ గదులను హోటల్ నిర్వహణ కోర్సుకు ఇచ్చేస్తారు. ఇక్కడ గ్రీకు వినబడేలా చేయడానికి మిరా ఎంత కష్టపడిందో మీకంటే ఎవరికి తెలుసు? వండిన కూర చల్లారిపోయే దాకా ఆమె కోసం కూర్చున్నది మీరే.

పేరు మాత్రమే, పెద్దమ్మా. తలుపు మీద ఒక పేరు ఉంటే ఎవరికీ నష్టం లేదు. గురువారాలు పిల్లలు ఆ గదిలో కూర్చుని వాళ్లంతట వాళ్లే చదువుకుంటున్నారు. తనిఖీ అయిన మర్నాడే మీ కాగితం నేనే అంటిస్తాను.

మీ ఇంటి భోజనం మరవని,
లుబెన్


దోల్నీ ఓరెష్,
డిసెంబరు

లుబెన్ గారూ,

పేరు మాత్రమే అన్నారు. ఇది వినండి.

సెయింట్ నికోలా పండగ రోజు చేపను పొయ్యిలో పెట్టి తలుపు తీస్తే గుమ్మంలో ఒక పిల్ల ఉంది. ముక్కు ఎర్రగా, చేతులకు ఊలు తొడుగులు, మంచి కుటుంబం పిల్లలా ఉంది.

“ఎవరమ్మా నువ్వు?”

“రలిత్సాను, అవ్వా. ప్రొఫెసర్ గారి స్టూడెంటును. గోధుమరంగు అట్ట నిఘంటువు తెమ్మన్నారు.”

“ఎవరు తెమ్మన్నారు?”

“మా ప్రొఫెసర్ గారే. వంటింటి అలమర కింది అరలో, ఊరగాయ జాడీల వెనక ఉంటుందన్నారు.”

“ఎప్పుడు చెప్పిందమ్మా?”

“మొన్న గురువారం.”

నా చేతిలో గరిటె ఉంది. అది ఎక్కడ పెట్టానో ఇప్పటికీ గుర్తులేదు.

“ఆవిడ పోయిన సంగతి నీకు తెలుసా?” అన్నాను.

“తెలుసవ్వా. అంత్యక్రియలకు వచ్చాను కదా. మీరే నా దోసిట్లో గోధుమలు పోశారు.”

“మరి?”

“మరి పాఠం చెబుతున్నారు కదవ్వా. వెళ్లకపోతే ఎలా? హాజరు తీసుకుంటారు.”

ఆ అలమర నేను పొద్దస్తమానం తెరిచి మూస్తూనే ఉంటాను. అందులో పుస్తకం ఉందని నాకు తెలియదు. జాడీలు జరిపి చూస్తే ఉంది. ఇచ్చేశాను. కూతురు అడిగి పంపితే ఇవ్వకుండా ఎలా ఉంటాను? పిల్లకు చేప ముక్క పెట్టాను. ముల్లు తీసుకుని తిన్నది, ఇంకో ముక్క అడిగి తిన్నది. కాబట్టి అది బతికున్న పిల్లే. అబద్ధమూ చెప్పలేదు.

తిండి పెట్టకుండా, జీతం ఇవ్వకుండా, చావనైనా చావనివ్వకుండా నా కూతురి చేత చాకిరీ చేయించుకుంటున్నారా మీరు? ఈసారి తిన్నగా రాయండి. నెవెనా ఉత్తరం చదివేటప్పుడు మీరు నసిగిన చోట దాని గొంతు కూడా నసుగుతోంది, నాకు పట్టుబడిపోతోంది.

గెనా


స్టారిబ్రోడ్,
జనవరి

పెద్దమ్మా,

అవును.

మీకు మొదటి ఉత్తరం రాసేనాటికే నాకు తెలుసు. అక్టోబరు చివర ఒక గురువారం పదకొండో గది ముందు నుంచి పోతుంటే పిల్లలు క్రియలు వల్లె వేయడం వినబడింది. ఎవరో తప్పు చెప్పారు. “మళ్లీ” అన్న గొంతు వినబడింది. ఆ “మళ్లీ” నాకు కాలేజీ రోజుల నుంచి తెలుసు. నేను తప్పు చెప్పినప్పుడూ అలాగే అనేది.

ఈ అంతస్తులో హీటర్లు పనిచేయవు. నా గదిలో పిల్లలు కోటు విప్పరు. పదకొండో గదిలోంచి వచ్చేవాళ్ల బుగ్గలు పొయ్యి ముందు కూర్చుని లేచినట్టు ఎర్రగా ఉంటాయి. నేను తలుపు తీసి చూడలేదు. ఆమె ఉంటే, ఇన్నేళ్లుగా నేను చెప్పిన తర్కం ఎందుకూ పనికిరానిది. లేకపోతే, పనికిరానివాడిని నేనే. తలుపు మూసి ఉన్నంతసేపూ ఇద్దరం ఉద్యోగంలో ఉంటాం.

ఇంకొకటి కూడా చెప్పాలి. మీ కాగితం తనిఖీ సంఘం కోసం తీశానని రాశాను. సంఘం వచ్చేది మార్చిలో కదా. నవంబరులో దాన్ని ఎవరు చదువుతారు? ఆమె చదువుతుందేమోనని తీశాను.

పిల్లలు ఇంత బాగా ఎన్నడూ చదవలేదు. గ్రీకులో ప్రశ్న అడిగితే రలిత్సా గ్రీకులోనే జవాబు చెబుతోంది. మిరా సంతోషంగా ఉంది, పెద్దమ్మా, గొంతులో తెలుస్తుంది. ఎవరినీ ఇబ్బంది పెట్టడం లేదు. వసంతం దాకా ఉండనివ్వండి.

లుబెన్


దోల్నీ ఓరెష్,
జనవరి

లుబెన్,

నీ ఉత్తరం నెవెనా చేత రెండుసార్లు చదివించాను. ఇక “గారు” లేదు, అది నువ్వే పోగొట్టుకున్నావు.

చాలా రాశావు. సంతోషంగా ఉందని రాశావు. అది ఆరేళ్లప్పుడు కోళ్లను వరసగా నిలబెట్టి పాఠం చెప్పినప్పుడూ సంతోషంగానే ఉంది. నేను అడుగుతున్నది అది కాదు. గంట కొట్టాక పిల్లలు ఇళ్లకు పోతారు. నువ్వూ ఇంటికి పోతావు. నీ చెవిటి ముసలాయన్ని కూడా ఎవరో లేపి ఇంటికి పంపిస్తారు.

అది ఎక్కడికి పోతుంది?

గెనా


స్టారిబ్రోడ్,
ఫిబ్రవరి

పెద్దమ్మా,

మీరు అడక్కపోతే ఇది చెప్పేవాడిని కాదు.

మీ ఊరి బస్సు ఆగే చోటుకు పోతుంది.

పోయిన గురువారం మధ్యాహ్నం నుంచీ మంచు పడింది. పాఠం అయ్యాక నేను కిటికీలోంచి చూస్తున్నాను. స్టాపులో నలుగురు నిలబడ్డారు. వాళ్ల పక్కన ఒక మనిషి పట్టేంత మేర నేల నల్లగా, పొడిగా ఉంది. అక్కడ మంచు పడటం లేదు. బస్సు వచ్చింది. నలుగురూ ఎక్కారు. డ్రైవరు తలుపు వేయలేదు, చాలాసేపు తెరిచే ఉంచాడు. తర్వాత వేసుకుని వెళ్లిపోయాడు. మర్నాడు వెళ్లి అతన్ని అడిగాను.

“ఏమో సార్,” అన్నాడు, “ఆ స్టాపులో ఇంకా ఎవరో ఎక్కాల్సి ఉందనిపిస్తుంది. మెట్టు దాకా వచ్చి ఆలోచిస్తున్నారనిపిస్తుంది. ఎక్కరు.”

ఆ బస్సులో ఆమెకు ఏం జరిగిందో ఆమెకే ఎక్కడో తెలుసునేమో. చివరి బస్సు కూడా పోయాక మళ్లీ మా మెట్లెక్కుతుందనుకుంటాను. పొద్దున్నే తాళం తీసే మనిషి పదకొండో గది తలుపు పిడి వెచ్చగా ఉంటుందంటున్నాడు.

నన్ను క్షమించమని అడగను. అడిగినా మీరు క్షమించరు.

లుబెన్


దోల్నీ ఓరెష్,
ఫిబ్రవరి

వచ్చే గురువారం వస్తున్నాను. స్టాపుకు ఎవరూ రానక్కర్లేదు. దారిలో అడ్డం నిలబడకు.

గెనా


స్టారిబ్రోడ్,
ఏప్రిల్

పెద్దమ్మా,

మీరు వచ్చి వెళ్లి నెల దాటింది. ఒక్క ముక్కా రాయించలేదు. కాబట్టి నేనే రాస్తున్నాను.

ఆ రోజు మీరు చెప్పినట్టే అడ్డం నిలబడలేదు. వరండా చివర స్తంభం దగ్గర ఉన్నాను. మీరు నల్ల రుమాలు సరిచేసుకుని, తలుపు కొట్టకుండానే లోపలికి వెళ్లారు. ఆ తర్వాత మీ గొంతు వినబడుతుందని ఎదురుచూశాను. పాఠం అయ్యేదాకా వినబడలేదు. తలుపు తెరుచుకున్నప్పుడు మీరొక్కరే బయటికి వచ్చారు. మీ కుడి చెయ్యి ఎవరి మోచేతినో పట్టుకున్నట్టు వంగి ఉంది. మీ వెనక గదిలో పిల్లలందరూ లేచి నిలబడి ఉన్నారు. మీ కోసం లేవలేదు, పెద్దమ్మా. ఏమీ అనుకోకండి.

ఆ రోజు బస్సు తలుపు వెంటనే మూసుకుంది. డ్రైవరు మీకు రెండు టికెట్లు కోశాడట. ఎందుకు కోశాడో అతనికే తెలియదట.

తనిఖీ సంఘం వచ్చింది. గ్రీకు ప్రొఫెసర్ ఏరీ అని అడిగారు. “వాళ్లమ్మ దగ్గరికి వెళ్లింది” అన్నాను. ఇన్నేళ్లలో అధికారులకు నేను చెప్పిన నిజం అదొక్కటే. సెప్టెంబరులో మళ్లీ వస్తామని, అప్పుడు ఆమె పాఠం వింటామని రాసుకుని వెళ్లారు.

పదకొండో గది ఇప్పుడు మిగతా గదుల్లాగే గడ్డకట్టి ఉంది. రలిత్సా గురువారాలు వచ్చి, కోటు విప్పకుండా కూర్చుని, గంట కొట్టాక వెళ్లిపోతోంది. మిరాతో ఏం చెప్పారు మీరు? ఎక్కడికి పంపారు? పంపకుండా ఇంట్లోనే ఉంచుకుని ఉంటే, సెప్టెంబరుకు మాకు తిరిగి ఇవ్వండి. ఇక్కడైతే కనీసం ఆమెకు పని ఉండేది.

లుబెన్


దోల్నీ ఓరెష్,
మే

లుబెన్,

చేతిరాత చూసి భయపడకు. నీకు తెలిసిన చెయ్యే. నెవెనా ఈస్టర్ నుంచి మా గడప తొక్కడం లేదు, పాలగిన్నె గేటు బయట పెట్టి పోతోంది. నేను చెబుతున్నాను, మిరా రాస్తోంది. చెప్పింది చెప్పినట్టు రాస్తుంది. తన గురించి చెప్పినా తలెత్తదు.

ఏం చెప్పావని అడిగావు. బస్సులో దారి పొడుగునా ఒకే మాట నూరుకుంటూ వచ్చాను. మిరా, నువ్వు పోయావు, నీ దారిన వెళ్లు అని. మా వైపు పోయినవాళ్లకు ఎప్పుడూ చెప్పే మాటే అది. మా అమ్మకు నేను చెప్పాను, మా ఆయనకు నేను చెప్పాను. నోరు తడబడలేదు.

తలుపు తీశాను. నల్లబల్ల ముందు ఉంది. పెట్టెలో పడుకోబెట్టినప్పుడు మేము తొడిగిన కోటే, చేతుల నిండా సుద్ద. నన్ను చూసి “ఆలస్యమైంది, కూర్చోండి” అంది. కన్నతల్లిని! కూర్చున్నాను, ఏం చేస్తాను? ఇంత వయసు వచ్చాక మొదటిసారి బడి బల్ల మీద కూర్చున్నాను. పక్కనున్న పిల్లాడు నాకో కాగితమూ పెన్సిలూ ఇచ్చాడు. ఒక్క ముక్క అర్థం కాలేదు. బాగా చెప్పింది.

గంట కొట్టింది. పుస్తకాలు సంచిలో సర్దుకుని, బస్సు వచ్చిందేమోనని కిటికీలోంచి చూసింది. అలా చూస్తుంటే నూరుకున్న మాట నోట్లోనే పోయింది. “పదమ్మా, ఇంటికి పోదాం” అన్నాను. ఇంటికి అన్నాక ఇంకెక్కడికి పోతుంది? నువ్వైతే ఏమనేవాడివి, చెప్పు.

వచ్చింది. వంటింట్లో కుర్చీలో కూర్చుంది. తినదు, పడుకోదు. పొయ్యి వెలిగించి నెల పైనే అయింది, ఇల్లు మాత్రం వెచ్చగానే ఉంది. పొద్దున తెచ్చిన పాలు సాయంత్రానికి విరిగిపోతున్నాయి. గురువారం వచ్చిందంటే కోటు బొత్తాలు పెట్టుకుని “అమ్మా, బస్సెప్పుడు?” అంటుంది. ఇవాళ లేదు తల్లీ అంటాను. మళ్లీ కూర్చుంటుంది. మొదట్లో ఎంత బాగుందో నీకు చెప్పలేను. ఎదురుగా కూర్చుని మిరపకాయలు తొక్క తీస్తూ ఊళ్లో సంగతులన్నీ చెప్పాను. అది బతికుండగా ఒక్కరోజైనా అంతసేపు కూర్చుందా?

తర్వాత నాకూ ఆకలి పోయింది. నిద్రా పోయింది. అక్కర్లేదనిపించింది. మొన్న నెవెనా గేటు దగ్గర నిలబడి “అవ్వా, లోపలున్నావా?” అని కేక వేసింది. నేను గుమ్మంలోనే ఉన్నాను. దాని ముక్కుకు ఎదురుగా ఉన్నాను. “ఇక్కడే ఉన్నానే గుడ్డిదానా” అన్నాను. అది నన్ను దాటి ఇంటి లోపలికి చూసి, ఎవరూ లేరన్నట్టు పాలగిన్నె కింద పెట్టి పోయింది.

అప్పుడు తెలిసింది నాకు. నేను రేపో మాపో పోతాను. పోతే పోతాను, దానికేం. కానీ ఇది ఈ కుర్చీలోనే ఉండిపోతుంది. అమ్మ పెరట్లోంచి వస్తుంది, అన్నం పెడుతుంది అని తలుపు వైపు చూస్తూ ఉండిపోతుంది. దీనికి చెప్పేవాళ్లు ఇంకెవరూ మిగలరు. నోటితో చెప్పి చూశాను. “ఏం మాటలమ్మా అవి” అని నవ్వింది. గేటుకున్న కాగితం దగ్గరికి తీసుకెళ్లి చూపించాను. “ఈ ఫొటో అస్సలు బాగాలేదు” అంది.

సెప్టెంబరుకు తిరిగి ఇవ్వమన్నావు. ఇవ్వను. నేనూ ఉంచుకోను.

ఇదంతా రాసింది, చూశావా, తలెత్తకుండా.

ఇక్కడి నుంచి నీకు కాదు, లుబెన్. రాయి, మిరా.

గెనా కూతురు స్తనిమిరా అక్టోబరు నెలలో, గురువారం పొద్దున, బస్సులో చనిపోయింది. ఆ రోజు పాఠానికి చేరలేదు.

నెమ్మదిగా రాయి. నాకు తొందర లేదు.

ఆ తర్వాత కూడా పాఠాలు చెప్పింది. అన్నీ బాగా చెప్పింది, వాళ్లమ్మ ఒకటి విన్నది. ఇంటికి వచ్చింది, ఇల్లు కళ్లారా చూసుకుంది. ఇప్పుడు ఆమె కోసం ఎవరూ ఎదురుచూడటం లేదు. పిల్లలు చూడటం లేదు. బస్సు చూడటం లేదు. వాళ్లమ్మ కూడా చూడటం లేదు.

ఆగకు. రాయి.

వెళ్లు, తల్లీ.


ద్రాగ్నెవ్ గారూ, కింద ఉన్నది రాస్తున్నది నెవెనాను.

ఇవాళ మధ్యాహ్నం అవ్వ గేటు దాకా వచ్చి నన్ను పేరు పెట్టి పిలిచింది. చూసి నిర్ఘాంతపోయాను, సగానికి సగం అయిపోయింది. లోపలికి వెళ్తే వంటిల్లు నేలమాళిగలా చల్లగా ఉంది. కుర్చీలో ఎవరూ లేరు. అవ్వ “ముందు పొయ్యి వెలిగించవే, చలికి చస్తున్నాను, తర్వాత రొట్టె కొయ్యి” అంది. రొట్టె మూడు ముక్కలు తిన్నాక ఈ కాగితాలు నా ముందు పెట్టి, ఆఖరున ఏముందో చదవమంది.

“‘వెళ్లు, తల్లీ’ అని ఉందవ్వా.”

“తర్వాత?”

“తర్వాత ఏమీ లేదు.”

“తనంతట తాను ఏమైనా రాసిందేమో చూడు. అమ్మా అనో, ఏదో ఒకటి. వెనక వైపు కూడా చూడు.”

“లేదవ్వా. నువ్వు చెప్పిందే ఉంది. చుక్క పెట్టేసింది.”

“ఏం చుక్క?”

“చెప్పాల్సింది అయిపోయిందని చివర్న పెడతారు కదవ్వా, అది.”

ఎక్కడుందో చూపించమంది. నేను ఆమె వేలు పట్టుకుని దాని మీద పెట్టాను. అవ్వ వేలు తీసి, కాగితాన్ని కళ్ల దగ్గరికి తెచ్చుకుని, చాలాసేపు చూసింది.

“ఇంత చిన్నదా” అంది.